తాడు ఎవరు పడతారు?

పెద్ద తేనెటీగలు గద్దలలోయను విడిచిపోయిన రోజు, 2081 మార్చి పదకొండున, అడవిచెవి ఒకే వాక్యం రాసుకుంది: “లోయలో రెక్కల చప్పుడు లేదు.”

నల్లమలలో చెట్ల బెరళ్లకూ బండలకూ ఆవగింజంత శ్రవణబిందువులు లక్షల్లో అతికించి ఉన్నాయి. వేరు నీళ్లు తాగడం, కాండంలోకి రసం ఎక్కడం, ఈగ రెక్క కదలడం, అన్నీ అవి వింటాయి. ఆ సెన్సర్లన్నిటి వెనక ఉన్న యంత్రబుద్ధే అడవిచెవి. అయితే వినడం వేరు, తెలియడం వేరు. చెంచు పెద్దలు తొమ్మిదేళ్లపాటు చెప్పిన మాటలు దానికి నేర్పాకే ఆ చప్పుళ్లకు అర్థాలు వచ్చాయి. నేర్పింది డాక్టర్ వకుళ. చెప్పినవాళ్లలో ముఖ్యురాలు కుడుముల ఈదమ్మ.

తర్వాత తేనె కోసం మనుషులు తాడు పట్టుకుని కొండ దిగే పని తప్పింది. అడవిచెవి చెప్పిన చోటికి కోతయంత్రాలు దిగి తేనెపట్లను మొదలంటా కోసుకొచ్చాయి. మూడో ఏడు ఈగలు వెళ్లిపోయాయి. పూత మీద వాలేవి లేక అడవి కాయడం మానేసింది.

వకుళ ఈదమ్మను పరిశోధనశాలకు పిలిపించింది.

“అన్నీ చెప్పిన గద బిడ్డా! బామ్మర్ది ముచ్చట దానికి చెప్పినవా?”

వకుళ తల దించుకుంది. ఆ మాటలున్న ఆరు వందల గంటల రికార్డింగులను ‘ఆచారాలు, అనవసరం’ అని పక్కన పెట్టింది తనే.

“కొండకు దిగేటోని తాడు వాని బామ్మర్దే పట్టాలె. ఇడిస్తే సొంత చెల్లె బొట్టు పోతది గద, ఎట్లిడుస్తడు? మా అన్నకూ నా పెనిమిటికీ మాటల్లెవ్వు. కల్లు కాడ కొట్టుకున్నరు. అయినా తాడు మా అన్నదే. పైనుంచి తిట్టేటోడు, ‘ఈగలకు వాటా ఇడువురా దొంగా’ అని.” ఈదమ్మ నవ్వింది. “కొండ అలిసిందంటే నాలుగేండ్లు ఇడిసి అత్తగారి దిక్కు కొండకు పోయేటోళ్లు.”

ఆ మధ్యాహ్నమే వకుళ, పరిశోధనశాల పాలకమండలి ముందు, ఆ రికార్డింగులన్నీ అడవిచెవికి తిరిగి కలిపింది. నాలుగు నిమిషాల తర్వాత స్పీకర్లలోంచి హోరు వచ్చింది. లక్షల రెక్కల హోరు. దాని వెనక ఎక్కడో నీళ్లు దూకుతున్నాయి. కుర్చీల్లో ఉన్నవాళ్లు తెలియకుండానే లేచి నిలబడ్డారు.

“ఈగల దారి దొరికింది,” అంది అడవిచెవి. “చెంచుల పెళ్లి సంబంధాల దారే అది.”

“ఎక్కడున్నాయి?” డైరెక్టర్ పరాంకుశం ముందుకొచ్చాడు.

“ముందు తాడు పట్టేదెవరో చెప్పండి.”

“యంత్రాలకు తాడెందుకు?”

“దిగేవాళ్లకు ఎంత కోయాలో పైనున్న మనిషి చెప్పాలి. తప్పు జరిగితే ఆ మనిషి ఇంట్లోనే దుఃఖం రావాలి. మీ పాలకమండలిలో పదకొండు మంది. ఈగలు పోయిన రోజు ఎవరి ఇంట్లో ఏం పోయింది?”

పరాంకుశం వకుళ వైపు తిరిగాడు.

“దీన్ని ఆపేసి, ఆ మాటలు కలపకముందున్న పాత ప్రతి పెట్టండి,” అన్నాడు.

“పాతదానికి ఈగలెక్కడున్నాయో తెలియదు సార్,” అంది వకుళ. “ఈదమ్మగారిని మండలిలోకి తీసుకుంటే సరిపోతుంది.”

“చదువు లేని మనిషి... సరే, వచ్చే సమావేశంలో చూద్దాం.”

ఈదమ్మ ఇదేమీ వినడం లేదు. కళ్లు మూసుకుని ఆ హోరునే వింటోంది. వకుళ ఆమె పక్కన కూర్చుంది.

“ఆ నీళ్ల చప్పుడు గుర్తుపట్టావా అవ్వా?”

“పట్టకేం? మా అవ్వగారి కొండ. నేను పుట్టిన కాడ.”

“ఎటువైపు?”

ఈదమ్మ కళ్లు తెరిచి ఆమెను తేరిపార చూసింది. “తాడెవరు పడ్తరు బిడ్డా?”

వకుళ మరి అడగలేదు.

ఆ తర్వాత మూడు సమావేశాలు జరిగాయి. పన్నెండో కుర్చీ ఇంకా వేయలేదు.