దిగులు తీసే పట్టీ

సగం ఆట అయ్యేసరికి చినపాలెం ఆడపిల్లల కబడ్డీ జట్టు చాలా పాయింట్లు వెనకబడి ఉంది. అయినా పిల్లలు కోర్టు పక్కన కూర్చుని, హాయిగా నిమ్మసోడా తాగుతూ కబుర్లాడుకుంటున్నారు. కోచ్ పైడమ్మకి ఒళ్ళు మండిపోతోంది. ఏటా పెదపాలెం చేతిలో ఓడిపోవడమే. ఈసారీ ఓడితే జట్టు ఎత్తేస్తామని ఊరిపెద్దలు తేల్చి చెప్పేశారు.

“ఏమే నూకరత్నం, కాస్తయినా సిగ్గుందా?”

“ఓడితే ఏటైపోద్ది పిన్నీ? ఆళ్ళు మాత్రం పరాయోళ్ళా?” అంది కెప్టెన్ నవ్వుతూ.

నిన్నటిదాకా ఓటమి తలుచుకుని అన్నం మానేసిన పిల్ల! ఇదంతా డాక్టర్ నళినీకాంత్ కనిపెట్టిన పట్టీ మహిమ. పొద్దున్న అందరి నుదుటికీ దాన్ని కట్టించింది పైడమ్మే.

అదేం చేస్తుందంటారా? మనకి కావలసినదానికీ చేతిలో ఉన్నదానికీ మధ్య ఎంత దూరముందో మెదడు ఎప్పుడూ కొలుస్తూనే ఉంటుంది. దూరం పెరిగిందా, దిగులు పుడుతుంది. పట్టీలోని సన్నని అయస్కాంత తరంగాలు ఆ కొలతనే ఆపేస్తాయి. కొలతే లేకపోతే దిగులెక్కడిది?

“దిగులు పోయింది సరే డాక్టరు బాబూ, గెలవాలన్న ఆశేదీ?” కోర్టు పక్కనే ఉన్న డాక్టరుగారిని నిలదీసింది పైడమ్మ.

ఆయన ల్యాప్‌టాప్ చూసి బుర్ర గోక్కున్నారు. “ఆశ కూడా ఆ కొలతలోంచే పుడుతుందమ్మా. రెండూ కలిసే ఆగిపోయాయి.”

“అయితే బేగి మళ్ళీ పుట్టించండి బాబూ!”

కొలత మళ్ళీ మొదలయ్యేలా పట్టీలు విప్పి, ఉల్టా తిప్పి కట్టారు. నూకరత్నం స్కోరుబోర్డు వంక చూసింది. సోడా కింద పెట్టేసింది. భోరుమంది. జట్టంతా గొల్లుమంది. అప్పుడుగానీ పైడమ్మకి ప్రాణం లేచి రాలేదు.

“ఏడవండమ్మా, ఏడవండి! ఏడుస్తూనే కూతకెళ్ళండి!”

వెళ్ళారు. ముక్కు చీదుకుంటూనే పట్టు పట్టారు, కళ్ళు తుడుచుకుంటూనే గీత దాటి వచ్చారు. ఒక్క పాయింటుతో గెలిచారు!

సాయంత్రం పైడమ్మ కొబ్బరిబొండాలు పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళింది.

“పెదపాలెం పిల్లలు తెగ బెంగపెట్టుకున్నారట, పాపం. ఆళ్ళకీ పట్టీలు పంపండి బాబూ. వచ్చే ఏడు ఆటకి ముందు కడితే చాలు.”

“ఎంత మంచి మనసమ్మా నీది!” అని ఆయన మురిసిపోయారు.

ఇప్పుడా పట్టీకి ఎక్కడలేని గిరాకీ. పార్టీలవాళ్ళు, కోచింగ్ సెంటర్లవాళ్ళు, ఎదురెదురు స్వీటుషాపులవాళ్ళు పోటీపడి కొంటున్నారు. అందరూ రంగుకాగితం చుట్టించి ఎదుటివాళ్ళకి కానుక పంపేవాళ్ళే. లోకంలో ఇంత దయ ఉందని తనకి ఇన్నాళ్ళూ తెలీదని డాక్టరుగారు కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నారు.