మేకుకి ఎడమపక్క

హత్య అని ఫోన్ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ వెళ్లేసరికి శవం ఊపిరి తీసుకుంటోంది. ఫోన్ చేసిన అన్నగారికి అదేమంత విశేషంగా తోచలేదు.

పటాలు కట్టే కొట్టు. వెనకగదిలో చాప మీద తమ్ముడు. రెప్పలు వాలిపోయాయి. పిలిస్తే మూలుగు తప్ప జవాబు లేదు. పక్కన అతని భార్య. ఆమె పారిపోకుండా గుమ్మానికి అడ్డంగా అన్నగారు.

“అంబులెన్స్ ఏది?” అని అడిగింది ఇన్‌స్పెక్టర్.

“ముందు మీరు చూడాలని ఆపాను మేడమ్. సాక్ష్యం చెడిపోకూడదు కదా.”

ఇలాంటి తెలివిమంతుల్ని చూస్తే ఆమెకి ఒళ్లు మంట. అంబులెన్స్‌కి తనే ఫోన్ చేసింది.

“ఎవరి మీద అనుమానం?”

“అనుమానమేంటి, మా మరదలే. ఇవాళ పొద్దున కాఫీలో నిద్రమాత్రలు కలిపింది. ఖాళీ స్ట్రిప్ చెత్తబుట్టలో దొరికింది.”

“అవి నేను వేసుకునేవండీ,” అంది మరదలు. “ఈయన మొన్నట్నుంచీ తూలుతున్నారు. ఆస్పత్రికి వెళ్దామంటే బావగారు వెళ్లనివ్వలేదు.”

“తాగి తూలేవాడికి ఆస్పత్రెందుకు?”

“తాగడం మీరు చూశారా?” అంది ఇన్‌స్పెక్టర్.

“చూడాలా? మావాడి సంగతి నాకు తెలీదా?”

గోడకి ఆనించిన చట్రాలని ఆమె ఒక్కొక్కటే తిప్పి చూసింది. చెక్క నిండా సుత్తి దెబ్బలు.

“ఇవెప్పుడు చేశాడు?”

“సోమవారం. మంచి చెక్కంతా తగలేశాడు, వెధవ.”

ఆ రోజు బుధవారం.

సాయంత్రం, ఐసీయూ బయట అన్నగారు మళ్లీ అరెస్టు మాటెత్తాడు. ఇన్‌స్పెక్టర్ ఒక చట్రం అతని ముందు పెట్టింది.

“తాగినవాడి దెబ్బ నాలుగు పక్కలా తప్పుతుంది. ఇక్కడ ప్రతి దెబ్బా మేకుకి ఎడమపక్కనే, ఒకే దూరంలో పడింది. మీ తమ్ముడికి ఒక్కో మేకూ రెండుగా కనిపించింది. లేనిదాన్ని కొట్టాడు. అదీ సోమవారం. బుధవారం మాత్రలకి సోమవారమే చూపు చెదురుతుందా?”

అన్నగారు చట్రాన్ని అటు తిప్పి పెట్టాడు.

అప్పుడే బయటికొచ్చిన డాక్టర్ మరదల్ని అడిగాడు. “ఈమధ్య మీ ఆయనకి విరేచనాలు పట్టుకున్నాయా?”

“రెండు వారాల కిందటండీ.”

“ఆ విరేచనాలు తెచ్చిన క్రిమి మీదికి లేచిన రోగనిరోధక శక్తి సొంత మెదడు కాండం మీద పడింది. బికర్‌స్టాఫ్ ఎన్‌సెఫలైటిస్. చాలా అరుదు. దానికి తోడు గిలన్ బరే. కాళ్లూ చేతుల నరాలు కూడా దెబ్బతిన్నాయి. ఊపిరి అందక వెంటిలేటర్ పెట్టాం. ఇంకాస్త ఆలస్యమైతే,” అన్నగారి వైపు చూశాడు, “మీరు కోరిన శవం దొరికేది.”

నెల దాటాక తమ్ముడు మాట్లాడాడు. ఇన్‌స్పెక్టర్ మంచం పక్కన కూర్చుంది.

“తేడా మొదట ఎప్పుడు తెలిసింది?”

“ఆదివారం మేడమ్. అన్నయ్య ఇద్దరుగా కనిపించాడు.”

“ఎవరికీ చెప్పలేదా?”

“చెప్పాను. అన్నయ్యకే చెప్పాను.”

బయట బత్తాయిల సంచితో అన్నగారు వస్తున్నాడు. మరదలు లేచి వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.