గీతల్లేని వేలిముద్ర

మంగళవారం. ఉదయం 7:10.

బేగంబజార్‌లో వైకుంఠం సేటు ఫుడ్ బ్యాంక్ తలుపు తీశాడు. వ్యాపారులిచ్చిన బియ్యం, పప్పు పేదలకు పంచే గది అది. ఒక బస్తా మూతి విప్పి, మళ్లీ పురికొసతో శ్రద్ధగా కట్టి ఉంది.

7:40కి ఎస్సై స్వరూప వచ్చింది. తాళం పగల్లేదు. నూనె, కందిపప్పు ఎక్కడివక్కడే ఉన్నాయి.

“ఎంత పోయింది?”

“తూకమేసిన మేడమ్. పన్నెండు కిలోలు. గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు.”

సేటు బస్తా తూచింది పెద్ద కాటా మీద; పక్కనున్న చిన్న తరాజు పళ్లెంలో కూడా నాలుగు గింజలున్నాయి. అంటే దొంగ తూచుకుని మరీ తీసుకున్నాడు! టేబుల్ మీద స్టాంప్ ప్యాడ్ మూత తెరిచి ఉంది. బస్తా మీద నీలి రంగులో బొటనవేలి ముద్ర.

క్లూస్ టీమ్ అక్షయ్ పెదవి విరిచాడు. “వేస్ట్ మేడమ్. గీతలే లేవు.”

సేటు కాక తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉంటాయి. హమాలీ బాలకిషన్. గది ఊడ్చి, చుట్టుపక్కల ఇళ్లల్లో గిన్నెలు తోమే సుగుణమ్మ. స్వరూప ఇద్దర్నీ నిలబెట్టింది.

“నేనైతే బస్తానే ఎత్తుకపోయేటోణ్ని మేడమ్. తూకమెందుకు?” అన్నాడు బాలకిషన్.

“ఇంట్ల ఎంతమంది?”

“నలుగురం.”

“నువ్వు అవ్వా?”

“నేను, నా మనుమరాలు రూప.”

“రేషన్ వస్తుందా?”

సుగుణమ్మ కుడిచేయి కొంగులో దాచుకుంది.

స్వరూప ఆ కొంగు వైపు చూసింది. చెప్పక తప్పలేదు.

“దొంగ ముద్ర తెల్వక పడతది. ఇది కావాల్నని పెట్టింది. వేలు పెట్టి, తూకమేయించుకొని బియ్యం తీసుకునేది రేషన్ షాపుల. మనిషికి ఆరు కిలోలు. పన్నెండంటే ఇద్దరు. గిన్నెలు తోమి తోమి గీతలు అరిగినయి. గంతేనా అవ్వా?”

“గంతే. మిషిన్ల వేలు పడలే. మూడు నెలలాయె. ఆఫీసుకు పోతే కంప్యూటర్ల నేను సచ్చిపోయిన అని వస్తుందట. రూప పేరు గూడ తీసేసిండ్రు. మాకొచ్చేదే తీసుకున్న బిడ్డా.”

వైకుంఠం కళ్లు తుడుచుకున్నాడు. తను రాసిచ్చిన ఫిర్యాదు కాగితం స్వరూప చేతిలోంచి లాక్కుని పర్రున చింపేశాడు. “కేసు వద్దు మేడమ్. పో అవ్వా, ఫికర్ జెయ్యకు. ఇంకో పది కిలోలు తీస్కపో.”

“వద్దు సేటూ!” సుగుణమ్మ కెవ్వుమంది. కింద కూర్చుని ముక్కలు ఏరసాగింది. “కేసు రాయుండ్రి మేడమ్. దాంట్ల నా పేరుంటది గదా. బతికున్నట్టు సర్కారు కాయితం ఒక్కటన్న ఉంటది. ఆఫీసుల చూపిస్త.”

“ఆఫీసుకు నేను లెటర్ రాస్తా అవ్వా.”

“మస్తుమంది రాసిండ్రు బిడ్డా.”

స్వరూప పెన్ను జేబులో పెట్టుకుంది. ఫిర్యాదే లేదు. ఇక కేసెక్కడిది?

8:55కి జీపు ఎక్కుతుంటే సుగుణమ్మ వెంటపడి వచ్చింది. పిడికిట్లో కాగితం ముక్కలు అలాగే ఉన్నాయి.

“మళ్ల దొంగతనం జేస్తే, గప్పుడన్న రాస్తరా మేడమ్?”