కూతబండి మీద సుద్దగీత

క్రాంతి కుమార్ బండి కంటికి కనపడకముందే చెవిన పడుతుంది. కొల్లేటి లంకల్లో దానికి కూతబండి అని పేరు కూడా పెట్టేశారు. ఆ రోజు తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డు దాటి ఎడమకి తిరగగానే అది మళ్ళీ గర్రుమంది. బియ్యం బస్తాలు దించుతున్నవాళ్ళు పని ఆపి చూశారు.

చూడాల్సిన బండే మరి. చిలకపచ్చ రంగు పికప్పు, మెరిసే అద్దాలు, మామూలు పికప్పుల చక్రాల కంటే బాగా పెద్ద చక్రాలు. వాటి మీద అది ఛాతీ విరుచుకుని నిలబడినట్టుంటుంది. నడిపేవాడూ అలాగే ఉంటాడు.

సీమోను వీల్ అలైన్‌మెంట్ షెడ్డు ముందు బండి ఆపి క్రాంతి కిందికి దూకాడు. అంత ఎత్తు నుంచి నలుగురూ చూస్తుండగా దూకడమంటే అతనికి భలే ఇష్టం. ఆ రోజు చూసినవాళ్ళు తక్కువే. షెడ్డులో నీలం కోటు వేసుకున్న అమ్మాయి ఒకతి కారు చక్రానికి బోల్టులు బిగిస్తోంది. జడ పైకి ముడివేసి, చెవి మీద సుద్దముక్క పెట్టుకుంది. తలెత్తనైనా లేదు.

"ఏవండీ, సీమోను గారు లేరాండీ?"

"ఆయ్, ఉన్నారండీ. అదిగో, టీ తాగుతున్నారు."

"మెకానిక్కు కావాలండీ."

"అలా చెప్పండి మరి. మెకానిక్కుని నేనండీ."

బల్ల మీద కూర్చున్న సీమోను టీ గ్లాసు పక్కన పెట్టి మరీ చెప్పాడు. "మా అమ్మాయి జాయ్సీ, బాబూ. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివింది. నా నడుం పట్టేసిన దగ్గర్నుంచీ షెడ్డు తనదే." ఆ చెప్పడంలో నడుం నొప్పి మచ్చుకైనా వినపడలేదు.

జాయ్సీ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "చాలా పెద్ద టైర్లు వేయించారండీ."

"ఆయ్," అన్నాడు క్రాంతి, మెచ్చుకుంటోందనుకుని.

"పాతవి ఉన్నాయాండీ?"

"ఇంటి దగ్గరున్నాయండీ."

"అయితే మందు ఇంటి దగ్గరే ఉంది. వెళ్ళి అవి వేసుకోండి, టైరు రేకుకి రాసుకుని కూత పెట్టడం ఆగిపోతుంది. షోకు కాస్త తగ్గుతుంది, అంతే."

క్రాంతికి చెవులు ఎర్రబడ్డాయి. "షోకు కోసం అనుకుంటున్నారంటే మీరు వానాకాలంలో మా చెరువు గట్లు చూడలేదన్నమాటండీ."

"చూడలేదండీ. చెప్పండి."

తిరిగి వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ ఆమె నిజంగానే వినడానికి నిలబడింది. అలా నిలబడ్డ మెకానిక్కు అతనికి ఈమధ్య తగల్లేదు.

"నేను చేపపిల్లల్ని తోలతానండీ. బండిలో టార్పాలిన్ పరిచి, నీళ్ళు నింపి, అందులో పిల్లల్ని వదులుతాం. ఒక మనిషి ఆ నీళ్ళలో నిలబడి దారి పొడుగునా కాళ్ళతో తొక్కుతూ, చేతులతో కొడుతూ ఉండాలి. నీళ్ళు కదిలితేనే వాటికి ఊపిరి. పోయిన వానల్లో, చెరువుల యజమానురాలు రత్నమాణిక్యం గారి గట్టు మీద బండి దిగబడిపోయింది. ట్రాక్టరు వచ్చి లాగేసరికి పిల్లలన్నీ తెల్లగా తేలిపోయాయండీ." ముందు చక్రం మీద చెయ్యి వేశాడు. "అందుకే ఈ చక్రాలు కొన్నాను. ఇప్పుడు గట్టు ఎక్కుతోంది. కానీ లోడుతో తిప్పినప్పుడల్లా టైరు లోపల రాసుకుని కోసుకుపోతోంది. గట్టు మీద పేలితే మళ్ళీ అదే గతి. ఈసారి పిల్లలు పోతే వేరే బండి చూసుకుంటానని ఆవిడ చెప్పేశారు. ఆవిడ కాదంటే లంకల్లో ఇంకెవరూ నాకు లోడు ఇవ్వరండీ."

జాయ్సీ చేతిలో స్పానరు కింద పెట్టింది. "షోకు అన్నాను. తప్పేనండీ."

అంత సూటిగా ఒప్పుకుంటుందని క్రాంతి అనుకోలేదు. ఇంకో రెండు ఘాటు మాటలు సిద్ధం చేసి పెట్టుకున్నాడు, అవి వృథా అయిపోయాయి.

ఆమె ముందు చక్రం పక్కన వంగి లోపలికి చూసింది. తర్వాత తల తిప్పి అతన్ని చూసింది. "టైర్లు చేపల కోసం. బాగుంది. మరి చక్రం బయటికి పొడుచుకు రావడానికి లోపల ఈ ప్లేట్లు బిగించారే, ఇవెవరి కోసమండీ?"

క్రాంతి మార్కెట్ యార్డు వైపు చూశాడు. అక్కడ సాయమేమీ దొరకలేదు. "అవి నా కోసమండీ," అన్నాడు నెమ్మదిగా.

జాయ్సీ నవ్వేసింది. ఆ నవ్వు చూశాక, ప్లేట్లు బిగించడం మరీ అంత తెలివితక్కువ పనేం కాదనిపించింది క్రాంతికి.

"ఏలూరులో చూపించారా?"

"ముగ్గురికి చూపించానండీ. రాసుకుంటున్న చోట రేకు కోశారు. అయినా తగ్గలేదు."

"బండి ఖాళీగా ఉన్నప్పుడు రాసుకునే చోట కోశారు. నీళ్ళతో ఉన్నప్పుడు ఎక్కడ రాసుకుంటోందో చూశారా?"

క్రాంతి తెల్లబోయాడు. చేపలు తోలే ఏ బండీ నీళ్ళతో మెకానిక్కు దగ్గరికి వెళ్ళదు. చేపలు దింపేసి, నీళ్ళు పారబోసి, కడిగి, శుభ్రంగా తీసుకెళ్ళడమే వాళ్ళకి మర్యాద. జబ్బంతా ఆ పారబోసిన నీళ్ళలోనే ఉందని ఎవరికీ తట్టలేదు.

షెడ్డు వెనక బోరు మోటారు వేసి బండి నింపారు. జాయ్సీ టైర్ల అంచులకి చుట్టూ సుద్ద పూసింది.

"ఇప్పుడు మీరు నీళ్ళలోకి ఎక్కండి. దారిలో ఎలా తొక్కుతారో అలాగే తొక్కండి."

"మరి బండి ఎవరు నడుపుతారండీ?"

ఆమె అరచెయ్యి చాపింది.

ఆ తాళంచెవి క్రాంతి ఇంతవరకూ సొంత బావకి కూడా ఇవ్వలేదు. అడిగినవాళ్ళందరికీ క్లచ్చు గట్టిదని చెప్పి తప్పించుకున్నాడు. ఆ అరచెయ్యి వంక చూశాడు. గ్రీజు మరకలు, సుద్దపొడి, మధ్యలో చిన్న కాలిన మచ్చ. తాళంచెవి అందులో పెట్టేశాడు.

వెనక ఖాళీ స్థలంలో జాయ్సీ బండిని ఒక చుట్టు తిప్పింది. రెండో చుట్టులో ఉన్నట్టుండి కుడికి తిప్పేసింది. నీళ్ళన్నీ ఎడమకి ఎగిరాయి, నీళ్ళతోపాటు క్రాంతి కూడా.

"నిదానంగానండీ," అని అరిచాడు, తల మీంచి నీళ్ళు కారుతుంటే.

"నిదానంగా తిప్పితే మీ గట్టు మలుపు ఎలా అవుతుందండీ?" అని కిటికీలోంచి జవాబొచ్చింది. మూడో చుట్టు ఇంకాస్త గట్టిగా తిప్పింది. అందులో మెకానిక్కు పని ఎంతో, సరదా ఎంతో చెప్పడం కష్టం.

బండి ఆపి దిగి, చక్రం వెనక వేలు పెట్టి చూపించింది. ఏలూరు వాళ్ళు కోసిన చోట సుద్ద ఆనవాలే లేదు. దానికి జానెడు పైన, మడ్‌గార్డు వెనక అంచు మీద తెల్లటి చార.

"నీళ్ళు ఒక పక్కకి పోగానే ఆ పక్క స్ప్రింగు కుంగుతోంది. టైరు ఇక్కడిదాకా ఎక్కేస్తోంది. చూశారా?" ఆమె మొహం వెలిగిపోతోంది.

"చూశానండీ."

"సుద్దని చూడమన్నానండీ."

క్రాంతి అప్పుడు సుద్దని చూశాడు.

ప్లేట్లు తీసేసింది. స్ప్రింగు కట్టకి ఒక పట్టీ చేర్చింది. లోపలి ప్లాస్టిక్కుని వేడి చేసి వెనక్కి నొక్కి, రేకు అంచు కోసి మడిచింది. స్టీరింగు మరీ చివరిదాకా తిరగకుండా బోల్టు సరిచేసింది. ప్లేట్లు ఊడి వస్తుంటే క్రాంతి పళ్ళు పీకించుకుంటున్నవాడిలా మొహం పెట్టాడు.

"చక్రాలు లోపలికి పోయి అందం తగ్గుతుందేమోనండీ."

"అందంగా ఉండాలా, నోరు మూసుకుని ఉండాలా?"

"బండేనాండీ?"

"బండే."

చేతులు తుడుచుకుంటూ ఇంకో మాట చెప్పింది. "ఇకనుంచీ స్టీరింగు కాస్త తక్కువ తిరుగుతుంది. మీ మలుపు ఎంత ఇరుకో నేను చూడలేదు. లోడు వెళ్ళే రోజు నేనూ వస్తానండీ. నా చేతిలోంచి వెళ్ళిన బండి అక్కడ ఇరుక్కుంటే పోయేది నా పరువు."

"నేనూ వస్తాను," అన్నాడు సీమోను. "నా నడుం సంగతి దారిలో చూసుకుందాం."

లోడు వెళ్ళిన రోజు పొద్దుటినుంచే ముసురు. క్రాంతి బాబాయి కనకరాజు గొడుగు టోపీ పెట్టుకుని వెనక నీళ్ళలో నిలబడి తొక్కుతున్నాడు. ముందు సీట్లో క్రాంతి, కిటికీ పక్కన జాయ్సీ, మధ్యలో సీమోను. ఆ మధ్యలో కూర్చోవడంలో సీమోను చూపించిన పట్టుదల గురించి ఎవరూ మాట్లాడలేదు.

గట్టు మీద నల్లమట్టి నానిపోయి ఉంది. పెద్ద చక్రాలు దాన్ని పట్టుకుని తాపీగా లాగాయి. చివర మలుపు వచ్చింది. రెండు పక్కలా చెరువులే. పోయిన వానల్లో బండి దిగబడింది అక్కడే. క్రాంతి బండి నిదానం చేశాడు.

"బయటి అంచుదాకా వెళ్ళి అప్పుడు తిప్పండి," అంది జాయ్సీ.

"అంచు జారుతుందేమోనండీ."

"ఆ చక్రాల మీద నమ్మకం లేకపోతే ఎందుకు కొన్నారండీ? వెళ్ళండి. నా పని మీద నాకు నమ్మకముంది."

వెళ్ళాడు. అంచుదాకా వెళ్ళి తిప్పాడు. నీళ్ళు ఒక పక్కకి ఒరిగాయి, బండి ఒరిగింది, సీమోను కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. వినపడిందల్లా వెనక కనకరాజు నీళ్ళు తొక్కుతున్న చప్పుడు ఒక్కటే. ప్రార్థన సగంలో ఉండగానే బండి మలుపు దాటేసింది.

రత్నమాణిక్యం గారి మకాం ముందు ఆగితే ఎవరూ బయటికి రాలేదు. ఎప్పుడూ కూత విని ముందే గొడుగేసుకుని నిలబడే మనిషి ఆవిడ. చివరికి హారన్ కొట్టాల్సి వచ్చింది.

"ఎవరి బండి?" అంటూ వచ్చిందావిడ.

"నాదేనండీ."

"నీదైతే వినపడాలి కదయ్యా."

ఇంకేం మాట్లాడకుండా బండి దగ్గరికి వచ్చి నీళ్ళలో చెయ్యి ముంచింది. దోసిట్లో శీలావతి చేపపిల్లలు ఎగిరెగిరి పడ్డాయి. ఇంకో చోట ముంచింది, మూలల్లో చూసింది. ఒక్కటి కూడా తేలలేదు. ఆవిడ మొహం మెల్లగా విచ్చుకుంది. "ఇక మీదట నా చెరువులన్నిటికీ నువ్వే తోలు. ఇంతకీ దీని కూత మాన్పించిందెవరు?"

గట్టు మీద పనివాళ్ళంతా చూస్తున్నారు. క్రాంతి అటు తిరిగి వెళ్ళి కిటికీ పక్క తలుపు తీసి పట్టుకున్నాడు.

"జాయ్సీ గారండీ. తాడేపల్లిగూడెంలో షెడ్డు. ఏలూరులో ముగ్గురి వల్ల కానిది ఈవిడ చేశారు. నా బండి మీద నాకెంత గొప్పో మీ అందరికీ తెలుసు కదండీ. ఇప్పుడు దానికంటే ఈవిడ పని మీద గొప్పగా ఉందండీ."

జాయ్సీ దిగి, అవసరం లేకపోయినా ముందు చక్రం పక్కన వంగి చూసింది. సీమోను చెరువు వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. కూతుర్ని చూస్తే గుండె నిండిపోయిందని సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా పదేపదే చెబుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత బండికి ఎన్ని అనుమానాలో వచ్చాయి. బోల్టులు వదులయ్యాయేమోనని ఒకసారి, గాలి తగ్గిందేమోనని ఒకసారి, ఊరికే ఇటు వచ్చానని ఇంకోసారి క్రాంతి షెడ్డు ముందు బండి ఆపాడు.

"ఏమండీ, బండికి నిజంగా ఏదైనా జబ్బు ఉంటేనే రండి. ఊళ్ళో అందరూ నా పని నిలవదనుకుంటున్నారు," అంది జాయ్సీ చివరికి.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పచ్చ పికప్పు మళ్ళీ షెడ్డు ముందు ఆగింది. క్రాంతి దిగాడు, దూకలేదు.

"జబ్బేమిటండీ?"

"ఉందండీ. అమ్మ దిగలేకపోతోంది."

పైన సీట్లో క్రాంతి తల్లి దానమ్మ, తెల్ల పట్టుచీరలో, ఒళ్ళో బైబిలు సంచితో కూర్చుని, నూతిలోకి చూసినట్టు నేల వంక చూస్తోంది.

"వందనాలండీ ఆంటీ గారూ. ఉండండి, స్టూలు తెస్తాను."

"వందనాలమ్మా. స్టూలు తర్వాత. దిగకముందే ఒక మాట అడగనీ. దిగాక నువ్వు కాదంటే నేను మళ్ళీ ఎక్కలేను." దానమ్మ కొంగు సర్దుకుంది. "గట్టు మీద నలుగురిలో మావాడు నీ గురించి ఏమన్నాడో రత్నమాణిక్యం గారు ఫోను చేసి చెప్పారు. ఈ బండిని తప్ప ఎవర్నీ పొగిడి ఎరగడమ్మా వీడు. అంత గొప్ప పిల్లయితే మా ఇంటికి కావాలని వచ్చాను. మీ నాన్నగారిని అడగకముందు నిన్నే అడుగుతున్నాను."

సీమోను టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. జాయ్సీ క్రాంతిని చూసింది. "మీరేం చెప్పరాండీ?"

క్రాంతి జేబులోంచి తాళంచెవి తీశాడు. "ఇది మీ చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ పెట్టలేదండీ. ఇకముందు కూడా పెట్టను. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

ఆమె తాళంచెవి తీసుకుని కోటు జేబులో వేసుకుంది. చెవి మీద సుద్ద తీసి, బండి దగ్గరికి వెళ్ళి, తలుపు కింద వంగింది.

"అత్తయ్య గారూ, కాలు కాస్త కిందికి చాపండి."

చిలకపచ్చ రంగు మీద తెల్లటి గీత పడింది. ఆ రంగు మీద ఎవరైనా వేలు పెడితే క్రాంతి ఊరుకునేవాడు కాదు. ఇప్పుడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏంటమ్మా అది?" అన్నాడు సీమోను.

"మెట్టు నాన్నా. ఇక్కడ వెల్డింగ్ చేస్తాను. రోజూ స్టూలు ఎవరు వేస్తారు?"

దానమ్మ చాపిన కాలిని గీత మీద ఆనించి చూసుకుంది. "ఇంకో అంగుళం కిందికి పెట్టమ్మా," అంది.

జాయ్సీ ఆ గీత చెరిపేసి, అంగుళం కింద మళ్ళీ గీసింది.