నాక్సోస్ నుంచి వచ్చిన అతిథి

మా ఆయన త్రిమూర్తులుకి ఒక జబ్బుంది. ఎవరు కనబడితే వాళ్లని భోజనానికి పిలుస్తారు. దుబాయ్ కరామాలో మేముండే పాత బిల్డింగుకి లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చినవాణ్ణి పిలుస్తారు. బస్టాపులో పక్కన నిలబడిన పుణ్యానికి ముక్కూ మొహం తెలియనివాణ్ణి పిలుస్తారు. "గోదావరి నీళ్లు తాగినోళ్లమే శాంతీ, పిలవడానికేముంది?" అంటారు. పిలిచేది ఆయన, వండి చచ్చేది నేను. పెళ్లయిన కొత్తలో దెబ్బలాడేదాన్ని. తర్వాత తర్వాత ఎసట్లో ఇంకో గ్లాసు బియ్యం పోసెయ్యడం అలవాటైపోయింది.

ఈ జబ్బు ఇంత దూరం తెస్తుందని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు చెబుతుంటే కూడా నాకు ఏడుపు రావడం లేదు. ఏదీ రావడం లేదు.

ఆ ఏడాది ఈద్ సెలవులకి మా పై అంతస్తులో ఉండే దయాకర్, సుభాషిణిలతో కలిసి గ్రీసు వెళ్లాం. వాళ్లది జగిత్యాల వైపు. దయాకర్ సైట్లో సూపర్‌వైజర్. మాతో ఇంకా కొన్ని తెలుగు కుటుంబాలు ఉన్నాయి. బృందం అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసుగా! సుభాషిణి చిన్న రైస్ కుక్కర్ తెచ్చింది. నేను ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్లాను. ఏథెన్స్ హోటల్ గదిలో పప్పుకి తాలింపు పెడితే కింద నుంచి మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. మా ఆయన అతన్ని కూడా భోజనానికి పిలిచారు. పాపం, కూర్చుని తిన్నాడు.

ఏథెన్స్‌లో కొండ మీది పాలరాతి స్తంభాలు చూసి, ఓడెక్కి నాక్సోస్ అనే దీవికి చేరాం. తెల్లటి ఇళ్లు, ఇరుకు సందులు, రేవులో బట్టలారేసినట్టు తాడు మీద వేలాడదీసిన ఆక్టోపస్‌లు. పాలకూర కూరిన రొట్టెలు తిన్నాం. టమాటాల్లో బియ్యం కూరి పొయ్యిలో కాల్చే వంట ఒకటి మా ఆయనకి తెగ నచ్చింది. ఇంటికెళ్లగానే చెయ్యమన్నారు.

ఒకరోజు పొద్దున్నే బస్సు ఒక కొండ ఊళ్లో ఆగింది. చిన్న చర్చి ముందు జనం ఉన్నారు. నల్లబట్టల పెద్దావిడ ఒకామె పళ్లెం పట్టుకుని అందరికీ ఏదో పంచుతోంది. ఉడకబెట్టిన గోధుమలు, పైన పంచదార, ఎండుద్రాక్ష, దానిమ్మ గింజలు. ప్రసాదం అనుకున్నాం. మనవాళ్లం ప్రసాదం అంటే ఊరుకుంటామా? వరసలో నిలబడి, కుడిచెయ్యి కింద ఎడమచెయ్యి పెట్టి, కళ్లకద్దుకుని తిన్నాం.

పక్కన బల్ల మీద ఒక అమ్మాయి ఫోటో ఉంది. పాతికేళ్లుంటాయి. నీలం స్వెట్టరు, జుట్టు ఒక పక్కకి వేసుకుంది. ముందు పూలు, ఒక కొవ్వొత్తి. మనకైతే ఫోటోకి దండ చూస్తే విషయం తెలిసిపోతుంది. అక్కడ దండ లేదు. పుట్టినరోజో, నిశ్చితార్థమో అనుకున్నాం.

మా ఆయన పెద్దావిడకి చేతులు జోడించి, ఫోటో వైపు చూపించి, అచ్చ తెలుగులో అన్నారు. "చాలా బాగుందమ్మా. వెళ్లొస్తాం. మీ అమ్మాయిని ఓసారి దుబాయ్ పంపండి. మా ఇంట్లో భోజనం చేద్దురు గాని."

ఆవిడకి ఏం అర్థమైందో తెలియదు. ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆ గోధుమలే ఇంకాసిని పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది.

బస్సెక్కాక దయాకర్ ఫోన్లో వెతికాడు.

"అన్నా, దీన్ని కోలివా అంటరట. సచ్చిపోయినోళ్ల దినాలకు పంచుతరట."

సుభాషిణి మొహం మాడిపోయింది. "సావింటి కాడ పోయొస్త అంటరానే అన్నా? పైకెల్లి ఆ పిల్లనే ఇంటికి పిలుస్తివి."

చావింట్లోంచి చెప్పకుండా రావాలి. వెళ్లొస్తామనకూడదు. వాళ్లని రమ్మనకూడదు. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. మా ఆయనకీ తెలుసు. ఆయన నవ్వేశారు.

"వాళ్లకి మన తెలుగేం తెలుస్తుందమ్మా? ఊరుకో."

పొట్లం సముద్రంలో పారెయ్యమన్నాను. అన్నం పారేస్తారా అని ఆయన జేబులో పెట్టుకున్నారు. ఓడ మీద తినేశారు.

దుబాయ్ తిరిగొచ్చిన వారంలోనే ఆ వాన పడింది. ఇక్కడున్నవాళ్లెవరూ మర్చిపోలేని వాన. ఆఫీసులకి రావద్దన్నారు. మధ్యాహ్నానికే ఆకాశం పచ్చగా మారి, తర్వాత నల్లబడింది. ఇంటర్నేషనల్ సిటీలో కార్లు తేలుతున్నాయని ఫోన్ల నిండా వీడియోలు. మా వీధిలో నీళ్లు నడుముదాకా వచ్చాయి. కింద ఎక్కడో నీళ్లు దూరి బిల్డింగులో కరెంటు పోయింది. లిఫ్టు ఆగిపోయింది.

ఎటూ కదల్లేం కదా అని దయాకర్ వాళ్లని భోజనానికి పిలిచారు మా ఆయన. గ్రీసు టమాటాలు చేశాను, పక్కన మామిడికాయ పప్పు. కొవ్వొత్తి వెలిగించి, పొయ్యి మీది పప్పు తప్ప అన్నీ బల్ల మీద సర్దాం. దయాకర్ ఏదో జోక్ వేస్తున్నాడు.

తలుపు చప్పుడైంది.

మా ఆయన లేచి తీశారు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఆయన వీపు మాత్రమే కనిపించింది.

"రండి రండి! ఇంత వానలోనా? మీ అమ్మగారు రాలేదా?"

పక్కకి జరిగి దారిచ్చారు. ఆ అమ్మాయి లోపలికొచ్చింది.

నీలం స్వెట్టరు. జుట్టు ఒక పక్కకి. మెట్లు నీళ్లతో చిత్తడిగా ఉన్నాయి. ఆమె పాదాలు పొడిగా ఉన్నాయి. ఆమెతో పాటు ఒక వాసన వచ్చింది. ఆరిపోయిన కొవ్వొత్తి వాసన, దాని కింద ఉడికిన గోధుమల వాసన…

వాన చప్పుడు ఆగిపోయింది. వాన ఆగలేదు. కిటికీ అద్దం మీద నీళ్లు ధారగా జారుతూనే ఉన్నాయి. చప్పుడే లేదు.

నేను కేక వెయ్యాలి. గుండె కొట్టుకోవాలి. ఏమీ కాలేదు. పొయ్యి మీది పప్పుగిన్నె ఒట్టి చేతుల్తో పట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టాను. చేతులు కాలినట్టే తెలియలేదు. మర్నాడు చూసుకుంటే అరచేతుల నిండా బొబ్బలు.

మా ఆయన ఆమెని తన కుర్చీలో కూర్చోబెట్టి వడ్డించారు. "సిగ్గుపడకండి. ఇదిగో, మీ ఊరి వంటే. ఇంకొంచెం వేసుకోండి." కొసరి కొసరి వడ్డించారు. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి. కంచం ఖాళీ అవుతూనే ఉంది.

దయాకర్ తల ఎత్తలేదు. సుభాషిణి నా మోచెయ్యి పట్టుకుంది.

"అక్కా…" పెదవులు కదపకుండా అంది. "పోతాంటే ఎవ్వలం మాట్లాడద్దు. రమ్మనద్దు. ఎంబడి పోవద్దు."

"ఈయన…" అన్నాను.

"అన్నను వట్టుకో. ఇడువకు."

గిన్నెలన్నీ ఖాళీ అయ్యాక ఆమె లేచింది. గుమ్మం దగ్గరకెళ్లి ఆగింది. ఎదురుచూస్తున్నట్టు నిలబడింది. మేం ముగ్గురం నోళ్లు బిగించుకున్నాం. నేను మా ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకున్నాను. పట్టుకున్నానని కళ్లకి తెలుస్తోంది, వేళ్లకి తెలియడం లేదు.

"వదలవే" అన్నారాయన మెల్లగా. "ఇంటికొచ్చిన ఆడపిల్లని గుమ్మంలో వదిలేస్తామా? కిందిదాకా దింపి వచ్చేస్తాను."

"వద్దండీ."

"ఇప్పుడే వస్తా."

గొడుగు తీసుకున్నారు. చొక్కా నా వేళ్లలోంచి జారిపోయింది. చీకట్లో మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు దిగుతూ పోయింది. ఒక్క మనిషి చప్పుడే.

ఎంతసేపో తెలియదు. వాన చప్పుడు మళ్లీ మొదలైంది. "పోయి చూస్త" అని దయాకర్ లేచాడు. సుభాషిణి పోనివ్వలేదు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ఆయన వచ్చారు.

మెట్లెక్కి, నన్ను దాటి, లోపలికొచ్చి సోఫాలో కూర్చున్నారు. గొడుగు లేదు. బట్టలు పొడిగా ఉన్నాయి.

"వెళ్లిపోయిందా?" అన్నాను.

"ఆఁ" అన్నారు. అంతే.

ఏడవాలనిపించింది. సంతోషంతోనే. మళ్లీ మెట్ల మీద చప్పుడు…

నీళ్లోడుతూ, ఎగశ్వాసతో ఎవరో ఎక్కుతున్నారు. మలుపు దగ్గర ఆగారు. చీకట్లో మనిషి కనిపించలేదు. మాట వినిపించింది.

"శాంతీ… కాలు జారి పడ్డానే. కాస్త చెయ్యియ్యి."

మా ఆయన గొంతు.

వెనక్కి తిరిగి చూశాను. సోఫాలో మా ఆయన. నా వైపే చూస్తున్నారు. మొహంలో ఏమీ లేదు.

"తలుపెయ్యి శాంతీ" అన్నారు.

"శాంతీ… నేనే…" మెట్ల మీది గొంతు.

"ఎయ్యక్కా!" సుభాషిణి అరిచింది. "అన్న లోపల్నే ఉన్నడు. అది మనిషి కాదు. ఎయ్యి!"

నేను వేసేశాను. గడియ పెట్టాను. బయట తలుపు మీద అరచేత్తో కొట్టాడు. తడిచేత్తో కొట్టిన చప్పుడు. నా పేరు పిలిచాడు. చివరికి బతిమాలాడు. తెల్లారేదాకా మేం నలుగురం ఆ గదిలోనే కూర్చున్నాం. ఆ చప్పుడు ఎప్పుడాగిందో గమనించలేదు.

నీళ్లు తియ్యడానికి చాలా రోజులు పట్టింది. కింద ఎవరూ దొరకలేదు. గొడుగు కూడా దొరకలేదు.

ఆయన ఆఫీసుకి వెళ్తున్నారు, వస్తున్నారు. నాతో ఒక్క గట్టి మాట లేదు. కూరలో ఉప్పు మర్చిపోయినా అడగరు. ఇప్పుడు ఎవర్నీ భోజనానికి పిలవరు. దయాకర్ వాళ్లు షార్జా మారిపోయారు. వెళ్లేముందు సుభాషిణి నన్ను కావలించుకుని ఏడ్చింది. నేను ఆమె వీపు తట్టాను. ఎసట్లో మాత్రం ఇంకా ఆ ఎక్కువ గ్లాసు బియ్యం పోస్తూనే ఉన్నాను.

నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోన్ మోగింది. మా ఆడపడుచు పేరమ్మ వదిన. ఇక్కడికి గంట దూరంలో, ఉమ్ అల్ క్వైన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది.

"ఏమే శాంతీ, మొగుడూ పెళ్లాల మధ్య గొడవలుంటే మాత్రం ఇంత పని చేస్తావా?" అంది. "తమ్ముడు పొద్దున్నే నా దగ్గరికొచ్చాడు. వానా గీనా లేదు, ఒళ్లంతా తడిసి ముద్దైపోయున్నాడే! ఇంటికెళ్తే తలుపు తియ్యట్లేదంట. ఆకలేస్తుందక్కా అని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఇదిగో, మాట్లాడు."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

"శాంతీ…"

బల్లకి అటువైపు ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. తల ఎత్తి చూశారు.

"ఎవరే?" అన్నారు.

"ఎవరో తెలీదండీ" అని పెట్టేశాను.