పన్నెండు లింకుల గొలుసు

మందుల శాస్త్రవేత్త ఇషాక్‌ను లారీ గుద్దిన రోజు కొత్తపట్నం రోడ్డు మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. మోటార్ సైకిల్ ఒకవైపు, మనిషి ఒకవైపు పడి ఉన్నారు. అతని లాప్‌టాప్ మాయమైంది. అతని చెల్లెలు రెబ్కా ఆసుపత్రిలో అన్నయ్య చెప్పులు తీసుకుని బయటికొచ్చింది. ఏడవలేదు. పదేళ్లుగా సీక్రెట్ ఏజెంటు. వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కించిన లారీని యాక్సిడెంట్ అనరని ఆమెకు తెలుసు.

"విదేశీ ముఠా. కోడ్ నేమ్ కోబాల్ట్," అన్నాడు చీఫ్ బుల్లయ్య. "మీ అన్నయ్య మందు కోసం కట్టిన పెప్టైడ్‌ను, అదే అమైనో ఆమ్లాల గొలుసును, విషంగా మార్చారు. అది హెలిక్స్‌గా, అంటే స్ప్రింగులా చుట్టుకుని ఉంటేనే పీల్చినవాళ్లు చస్తారు. గొలుసు ఎంత పొడవుండాలో మాత్రం వాళ్లకు తెలియదు. టార్గెట్ గుంటూరు మిర్చి."

"మిర్చి ఎందుకు సార్?"

"కూలీలు కుప్పకూలితే మన మిరపకాయ ఇంకెవడు కొంటాడమ్మా? అసలు నిన్ను ఈ కేసులో వెయ్యకూడదు."

"వెయ్యకపోతే సెలవు పెట్టి వెళ్తాను."

పొడవు సంగతి రెబ్కాకు తెలుసు. ఒకసారి ఇషాక్ చిటికెడు దూది మెలిపెట్టి వదిలాడు. వెంటనే విప్పుకుంది. "పొట్టి గొలుసు ఇంతే. చుట్టుకోవడమూ క్షణం, విడిపోవడమూ క్షణం. పొడుగుదైతే కొసలు ఊడినా నడుము నిలబడుతుంది. కొంత పొడవు దాటాక ఇంకెంత పెంచినా విడిపోయే వేగంలో పెద్ద తేడా ఉండదు," అన్నాడు.

జ్ఞాపకార్థ కూడికకు సౌజన్య వచ్చింది. ఇషాక్ ల్యాబ్‌లోనే పని, ఇషాక్‌తోనే నిశ్చితార్థం. తెల్ల మంగళగిరి చీర, నల్ల కళ్లద్దాలు. చర్చిలో తలలన్నీ అటే తిరిగాయి. రెబ్కాను కౌగిలించుకుని చెవిలో అడిగింది.

"గొలుసు పొడవు ఎంతో నీకేమైనా చెప్పాడా?"

ఏడుపు మధ్యలో అడగాల్సిన ప్రశ్న కాదది. రెబ్కా కళ్లు తుడుచుకుంది.

"పన్నెండు లింకులన్నాడు వదినా."

రెబ్కా సంగతి చెప్పగానే, ముఠాకు ఆ పొడవు పరీక్షించుకునే తీరిక లేకుండా, దాచేపల్లిలోని వాళ్ల ల్యాబ్ మీద రెయిడ్ జరగబోతోందని బుల్లయ్య పుకారు వదిలాడు. ఒక ఉదయం ట్యాప్ చేసిన ఫోన్‌లో కోడ్ వర్డ్ వినపడింది: "తేజ గుంటూరు చేరింది." తేజ మిరప రకమే, కానీ ముఠా భాషలో అది విషంతో బయల్దేరిన సౌజన్య.

ఆమె ఫోన్ సిగ్నల్ ఆగిన చోటు మిరప తొడిమలు తీసే షెడ్డు. ఘాటుకు ఆడవాళ్లందరూ ముఖాలకు గుడ్డలు చుట్టుకున్నారు. వాళ్లలో సౌజన్య ఎవరు? రెబ్కా కూలీ వేషంలో, చేతులకు అందరిలాగే ఆముదం రాసుకుని కూర్చుంది. చెవిదుద్దులో మైక్, చెవిలో ఇయర్‌పీస్.

కాసేపటికి ఒకామె లేచి, చేతులు విదిలించుకుంటూ నీళ్ల డ్రమ్ములో ముంచింది. మరుక్షణం కెవ్వుమంది.

"ఓసి నీ తెలివి తగలెయ్య! కారం చేతులకు నీళ్లెవరన్నా తగిలిస్తారంటే? నూనె రాసుకోలా? ఏ ఊరే నీది?" అని అరిచింది పక్కన తొడిమలు తీస్తున్న ముసలి కూలీ జాన్‌బీ.

రెబ్కా ఒక్క దూకు దూకింది. "బాగున్నావా వదినా?"

చెయ్యి దొరికింది. కానీ రెండో చేతి బొటనవేలు అప్పటికే డ్రమ్ము పక్కన పెట్టిన టిఫిన్ బాక్సు మీది బటన్ నొక్కేసింది. బుస్సుమని తెల్లటి పొగమంచు లేచింది. అన్నయ్య లెక్క తప్పితే? రెబ్కా ఊపిరి బిగబట్టింది.

జాన్‌బీ తుమ్మింది. "ఎవత్తే సెంటు కొట్టుకుంది?"

రెబ్కా సౌజన్య ముఖం మీది గుడ్డ, దాని కింది మాస్కు లాగేసి, ఆమె తలను పొగలోకి వంచింది.

"పీల్చు."

"వద్దు! చచ్చిపోతాను!"

"మరి వీళ్లు?"

ఇయర్‌పీస్‌లో బుల్లయ్య: "రెబ్కా! ప్రాణాలతో కావాలి!"

"ప్రాణాలతోనే ఉంది సార్." సౌజన్య చెవి దగ్గరికి వంగింది. "పన్నెండు చాలవు వదినా. చుట్టుకునే లోపే విప్పుకుంటాయి. పెళ్లాడబోయినవాడి మాట కాస్త విని ఉండాల్సింది."

సౌజన్య చేతులు ఎర్రగా కందిపోయాయి. జాన్‌బీ జాలిపడి ఆముదం సీసా చాచింది. రెబ్కా అందుకుని మూత బిగించింది.

"కాసేపు మండనివ్వు పిన్నీ."

సాయంత్రానికి దాచేపల్లి ల్యాబ్‌లో ఉన్న ముఠా అంతా పట్టుబడింది. రెబ్కా ఆఫీసుకొచ్చి సెలవు అడిగింది.

"కేసు అయిపోయిందిగా, ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు బుల్లయ్య.

"లారీ నడిపినవాడు ఇంకా దొరకలేదు సార్."