గంట వెనక నడిచినవాడు

మిట్టమధ్యాహ్నమే చీకటి పడింది! కారుమేఘాలు కబేళా రేకుల మీదికి దిగాయి... పట్టపగలే గుడ్లగూబ కూసింది. దొడ్డి నిండా గొర్రెలు. ఒక్కదాని గొంతులోంచీ శబ్దం లేదు.

ఆ నిశ్శబ్దం కసాయి కోరి తెచ్చుకున్నదే. "ఆ అరుపులు వింటూ కత్తి పట్టలేకపోతున్నా స్వామీ," అన్నాడు ఒకనాడు మాంత్రికుడితో. పని మానడట, వినడం మానుతాడట! కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి సంగతే.

కబేళాలో ఒక పొట్టేలు ఉంటుంది. మెడలో గంటతో మందను దొడ్డిలోకి, అక్కడి నుంచి లోపలికి నడిపించి, తానొక్కటే వెనక్కి వస్తుంది. మనిషి దాని పక్కన నడవాలే గానీ వెనక నడవకూడదన్నది కసాయి తండ్రి పెట్టిన కట్టుబాటు. ముసలిదై చచ్చిన పాత పొట్టేలు పుర్రెను మాంత్రికుడు గేటు కింద పాతాడు. దాని గంటను కొత్త పొట్టేలు మెడలో కట్టి, "ఈ గంట వెనక నడిచే ప్రాణి నోరు మూతపడుగాక!" అని శాసించాడు.

మింగిన అరుపులు ఎక్కడికి పోతాయి? వెనకింట్లో కసాయి భార్య గొంతులోకి! అక్కడ కత్తి దిగితే ఇక్కడ ఆమె విల్లులా వంగి గొర్రెలా అరిచేది... ఇవాళ ఆమె నాడి కూడా సరిగా అందడం లేదు.

"పుర్రె తీసెయ్యండి. నా పెళ్లాం నాకు దక్కితే చాలు," అని కసాయి మాంత్రికుడి కాళ్ల మీద పడ్డాడు.

"తీస్తే నా శక్తి పోతుంది. పుర్రెకు దాహంగా ఉంది... కొత్త పొట్టేలు నెత్తురు పొయ్యి."

"నమ్మి నడిచేదాన్ని కొయ్యను."

"చేతకానివాడా! నేనే కోస్తా."

మాంత్రికుడు కత్తి లాక్కుని, పొట్టేలును వెనక నుంచి అదిలించాడు. గంట మోగింది. వెనక నడవొద్దని చెప్పడానికి కసాయి నోరు తెరిచాడు. ఇంట్లోంచి భార్య మూలుగు వినబడింది. అతను నోరు మూసుకున్నాడు.

మంత్రం మాంత్రికుడి గొంతులోనే ఆగిపోయింది! కళ్లు భయంతో విచ్చుకున్నాయి... తల మాత్రం వంగింది. కాళ్లు బుద్ధిగా గంట వెనకే నడిచాయి. గేటు తనంతట తానే మూసుకుంది. ఉరుము ఉరిమింది. లోపలి నుంచి ఒక్క కేక కూడా రాలేదు.

గేటు తెరుచుకుని పొట్టేలు ఒక్కటే బయటికి వచ్చింది. గేటు కింద మట్టి పగిలి, పుర్రె పిండైపోయి ఉంది. మరుక్షణం మంద అంతా ఒక్కసారిగా అరిచింది.

కసాయి ఇంట్లోకి పరిగెత్తాడు. భార్య కళ్లు తెరిచి ఉంది. ఆమె గొంతు ఆమెదే.

"వినబడుతోందా?" అంది.

"ఆఁ," అన్నాడు ఏడుస్తూ.

"ఇక వింటూ కొయ్యగలిగితేనే కొయ్యండి. ముందు వాటికి నీళ్లు పెట్టి రండి, పాపం."

అతను బకెట్టు తీసుకుని దొడ్డివైపు నడిచాడు.